పిల్లల కడుపు బాధ: పథ్యమా, మందా, మూడో దారా?

పిల్లకో పిల్లాడికో నెలల తరబడి కడుపు బాధ ఉంటే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. తిండి మారిస్తే అదే సర్దుకుంటుందని ఒక పార్టీ అంటుంది. పథ్యాలతో రోజులు గడపకుండా మంచి మందు రాయించుకు రమ్మని ఇంకో పార్టీ అంటుంది. పిల్లల మీద జరిగిన క్లినికల్ ట్రయల్స్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు పార్టీలూ కొన్నిచోట్ల గెలుస్తాయి, కొన్నిచోట్ల ఓడతాయి. గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బులో పథ్యమే వైద్యం. పేగు వాపు జబ్బుల్లో ఒకటైన క్రోన్స్‌లో పథ్యం స్టెరాయిడ్‌తో సమానంగా నిలబడుతుంది. మలబద్ధకంలో మందుదే పైచేయి. పరీక్షల్లో ఏమీ తేలని కడుపునొప్పిలో మాత్రం పథ్యం బలమూ, మందు బలమూ అంతంతమాత్రమే. అక్కడ మూడో దారి ఒకటి ముందుకొస్తుంది. అందుకే జబ్బు పేరు అడగకుండానే "డైట్ చాలు" అనో "మందు తప్పదు" అనో చెప్పేవాళ్లను నేను నమ్మను.

ముందు పేరు తేలాలి

బడి వయసు పిల్లల్లో, టీనేజర్లలో మళ్లీ మళ్లీ వచ్చే కడుపునొప్పుల్లో ఎక్కువ భాగం డాక్టర్లు 'ఫంక్షనల్' అనే రకమే. పేగులో పుండు, వాపు, అడ్డంకి ఏవీ ఉండవు. నొప్పి మాత్రం నిజం, నాటకం కాదు. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు మరీ సున్నితంగా మారడంతో, మనకైతే తెలియనే తెలియని పేగు కదలిక కూడా ఆ పిల్లలకు నొప్పిగా అందుతుంది. ఇలాంటి పేగు బాధలను గుర్తుపట్టడానికి నిపుణులు రాసుకున్న, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం కనీసం రెండు నెలలపాటు, నెలలో నాలుగు రోజులకు తగ్గకుండా నొప్పి ఉండి, డాక్టరు సరిగ్గా చూశాక కూడా వేరే కారణం కనిపించకపోతే ఈ పేరు పెడతారు.

ఈ పేరు పెట్టడానికి వీల్లేని పిల్లలూ ఉంటారు. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఎత్తు పెరగడం ఆగినా, యుక్తవయసు మార్పులు ఆలస్యమవుతున్నా ఆగి చూడాలి. మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఆగని వాంతులు, మింగడంలో ఇబ్బంది, కారణం తెలియని జ్వరం, కీళ్ల వాపు, మలద్వారం దగ్గర పుండ్లు, బొడ్డు చుట్టూ కాకుండా కుడివైపే పట్టి ఉండే నొప్పి, ఇంట్లో ఎవరికైనా పేగు వాపు జబ్బో సీలియాకో ఉండటం కూడా అలాంటివే. వీటిలో ఏదున్నా ఇక్కడ చదువుతూ కూర్చోకండి, పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.

ఈ దశలో రెండు చిన్న పరీక్షలు చాలా తేలుస్తాయి. మొదటిది మలంలో కాల్‌ప్రొటెక్టిన్. పేగులో వాపు ఉంటే తెల్ల రక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్ ఇది. ఇది మామూలుగా ఉంటే పేగు వాపు జబ్బు ఉండే అవకాశం బాగా తగ్గుతుంది. రెండోది సీలియాక్ కోసం చేసే రక్తపరీక్ష. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. "గ్లూటెన్ మానేసి చూద్దాం, పోయేదేముంది" అని ముందే మానిపిస్తారు. మానేశాక ఆ పరీక్ష రక్తంలో వెతికే యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోతాయి, పరీక్ష తప్పు చెబుతుంది. పేరు తేలాలంటే మళ్లీ వారాల తరబడి గ్లూటెన్ తినిపించి పరీక్షించాలి. సీలియాక్ అని తేలితే పథ్యం జీవితాంతం. అంత పెద్ద నిర్ణయాన్ని ఊహ మీద తీసుకోకూడదు.

గ్లూటెన్‌కూ ఈ జబ్బుకూ ఉన్న ముడిని విప్పింది విల్లెమ్ డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్ కరువులో గోధుమ దొరకనప్పుడు ఈ పిల్లలు తేరుకోవడం, గోధుమ తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడటం చూశాక ఆయనకు అంతకుముందే ఉన్న అనుమానం గట్టిపడింది. 1950లో దాన్నే సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. ఇప్పుడు నిర్ధారణ కూడా తేలికైంది. యూరప్ పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2020 మార్గదర్శకాల ప్రకారం యాంటీబాడీ స్థాయి పరిమితికి 10 రెట్లు గానీ అంతకుమించి గానీ ఉండి, రెండోసారి తీసిన రక్తంలో మరో యాంటీబాడీ కూడా కనిపిస్తే బయాప్సీ (పేగు నుంచి చిన్న ముక్క తీసి చూడటం) లేకుండానే నిర్ధారించవచ్చు. అంతకంటే తక్కువైతే ఎండోస్కోపీ, బయాప్సీ అవసరం.

ఏమీ తేలని నొప్పికి ఏది ఎంచుకోవాలి?

రిపోర్టులన్నీ మామూలుగా వచ్చాయి, నొప్పి మాత్రం పోలేదు. తల్లిదండ్రులకు అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

ముందు మందు సంగతి. పెద్దలకు దిగులుకూ, నొప్పులకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్‌ను 90 మంది పిల్లల మీద నాలుగు వారాలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మందు వేసుకున్నవాళ్లలో 63 శాతం మంది మెరుగయ్యామన్నారు. ఆ ఒక్క అంకె చూస్తే ఎవరైనా మందుకే ఓటేస్తారు. కానీ మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ 57.5 శాతం మంది అదే మాట అన్నారు. రెండిటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ వైద్యం గురించి విన్నా "ఎంతమందికి తగ్గింది?" అని కాకుండా "దేనితో పోలిస్తే తగ్గింది?" అని అడగమనేది ఇందుకే. పక్కింటివాళ్ల పాపకు ఏదో పొడి వేస్తే తగ్గిందంటే ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. ఈ నొప్పి తనంతట తానే హెచ్చుతగ్గులవుతుంది. పైగా ఏదో వైద్యం జరుగుతోందన్న ఊరట కూడా పేగు మీద పనిచేస్తుంది.

ఆ ఊరట ఎంత బలమైనదో చూపించిన చిన్న ట్రయల్ ఒకటి 2022లో వచ్చింది. 8 నుంచి 18 ఏళ్ల పిల్లలు 30 మందికి "ఇందులో మందు లేదు" అని ముందే చెప్పి ఒక ద్రవం ఇచ్చారు. ఏమీ ఇవ్వని వారాలతో పోలిస్తే, అది తాగిన వారాల్లో నొప్పి తగ్గింది. అత్యవసరానికి ఇచ్చిన మాత్రల వాడకం కూడా దాదాపు సగానికి పడిపోయింది. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కాసేపాగి ఆలోచిస్తే, పిల్లల కడుపునొప్పిలో భరోసా కూడా ఒక మోతాదేనని ఇంతకంటే సూటిగా చెప్పిన పరిశోధన మరొకటి గుర్తుకు రాలేదు.

ఇక పథ్యం. అందరి నోటా వినిపించేది లో ఫాడ్‌మ్యాప్. చిన్నపేగులో సరిగ్గా ఇంకకుండా పెద్దపేగులోకి వెళ్లి పులిసి గ్యాస్ పుట్టించే కొన్ని రకాల చక్కెరలను, పిండి పదార్థాలను తగ్గించడమే ఈ పద్ధతి. ఇరిటబుల్ బవెల్ (నొప్పితోపాటు మలవిసర్జన తీరు కూడా మారే ఫంక్షనల్ రకం) ఉన్న 33 మంది పిల్లల మీద 2015లో వచ్చిన ట్రయల్‌లో, ఈ పథ్యం మీద ఉన్నప్పుడు రోజుకు సగటున 1.1 సార్లు నొప్పి వస్తే, మామూలు తిండి మీద 1.7 సార్లు వచ్చింది. తేడా నిజమే. కానీ ఒక్కో పథ్యం నడిచింది 48 గంటలే. రెండు రోజుల ఫలితం చూసి ఎదిగే వయసులో ఉన్న పిల్ల కంచంలోంచి నెలల తరబడి సగం పదార్థాలు తీసేయడం నాకు సబబుగా అనిపించదు. చేయాలనుకుంటే పిల్లల డైటీషియన్ కనుసన్నల్లో రెండు నుంచి నాలుగు వారాలు చేసి, ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చుకుంటూ రావాలి. తిరిగి చేర్చడం మర్చిపోయి అక్కడే ఆగిపోయే ఇళ్లు చాలా ఉంటాయి.

దీనికన్నా చిన్న అడుగు ఇసబ్‌గోల్. 7 నుంచి 18 ఏళ్ల పిల్లలు 103 మందితో 2017లో వచ్చిన ట్రయల్‌లో, ఆరు వారాలు వాడినవాళ్లకు నొప్పి వచ్చే సార్లు ఉత్తి పొడి వాడినవాళ్ల కంటే బాగా తగ్గాయి. వచ్చిన నొప్పి తీవ్రతలో మాత్రం తేడా లేదు. తిండిలోంచి ఏదీ తీసేయనక్కర్లేదు కాబట్టి, పథ్యానికి ముందు దీన్ని ప్రయత్నించడం మేలని నా లెక్క. నీళ్లు బాగా కలిపి తాగించాలి, అంతే.

మూడో దారి వినగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. అది పేగు మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీ. స్టేజీ మీద చేసే గారడీతో దీనికి సంబంధం లేదు. పిల్లలను హాయిగా పడుకోబెట్టి లేదా కూర్చోబెట్టి, ఒళ్లు సడలించి, పేగు నెమ్మదించడం, నొప్పి కరగడం ఊహించుకునేలా మాటలతో నడిపిస్తారు. నెదర్లాండ్స్‌లో 53 మంది పిల్లలతో చేసి 2007లో ప్రచురించిన ట్రయల్‌లో, మూడు నెలల్లో ఆరు సెషన్లు తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత 85 శాతం మందికి ఫలితం నిలిచింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో నిలిచింది 25 శాతం మందికే. ఐదేళ్ల దాకా వెంట ఉండి చూసినప్పుడు కూడా 68 శాతం, 20 శాతం తేలింది. ఇందులో ఒక లొసుగు ఉంది. ఎవరికి ఏ వైద్యం జరుగుతోందో పిల్లలకు తెలుసు. ఇలాంటి ట్రయల్‌లో దాన్ని దాచడం కుదరదు. కాబట్టి ఈ అంకెలను ఉత్తి మాత్రతో పోల్చిన మందు అంకెల పక్కన పెట్టి చూడటం పూర్తిగా న్యాయం కాదు. అయినా ఐదేళ్లు నిలిచిన ఫలితాన్ని కొట్టిపారేయలేం.

థెరపిస్టు దొరకకపోతే? అదే దేశంలో 260 మంది పిల్లలతో ఇంకో ట్రయల్ చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. రికార్డు చేసిన సెషన్లను ఇంట్లో వినడం, థెరపిస్టు దగ్గరకు వెళ్లడం, ఈ రెండింటినీ పోల్చారు. ఏడాది తర్వాత థెరపిస్టు దగ్గరకు వెళ్లినవాళ్లలో 71 శాతం, ఇంట్లో విన్నవాళ్లలో 62 శాతం మందికి మేలు జరిగింది. ఇంటి పద్ధతి మరీ తీసికట్టు కాదని పరిశోధకులు తేల్చారు.

ఆలోచనల తీరునూ, అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ కూడా ఈ కోవలోదే. నొప్పి వస్తుందేమోనన్న భయంతో బడి, ఆటలు, ప్రయాణాలు మానేసిన పిల్లలకు ఇదే ముందు పనికొస్తుందని నాకనిపిస్తుంది. హిప్నోథెరపీ నొప్పిని తగ్గించే వైపు నుంచి వస్తే, ఇది నొప్పి చుట్టూ అల్లుకున్న భయాన్ని విప్పే వైపు నుంచి వస్తుంది. స్వీడన్‌లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 90 మందికి దీన్ని పది వారాలు ఇంటర్నెట్ ద్వారా అందించి మంచి ఫలితం చూశారు.

ఖర్చు లేని మార్పు ఒకటి పెద్దవాళ్ల చేతుల్లోనే ఉంది. 2006లో వచ్చిన ఒక ప్రయోగంలో పిల్లల చేత కడుపు బిగుసుకునేదాకా నీళ్లు తాగించారు. తర్వాత కొందరు తల్లిదండ్రులను "ఎలా ఉంది కన్నా, నొప్పిగా ఉందా" అని పట్టించుకోమన్నారు, ఇంకొందరిని మాట మళ్లించమన్నారు. పట్టించుకున్నచోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. మాట మళ్లించినచోట సగానికి తగ్గాయి. అయినా, మాట మళ్లించడమే పిల్లలకు ఎక్కువ చేటని కడుపునొప్పి ఉన్న పిల్లల తల్లిదండ్రులు అనుకున్నారు. పిల్లలేమో మాట మళ్లించినప్పుడే హాయిగా ఉందన్నారు. గంటకోసారి "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం ప్రేమే, కానీ కడుపు మీదికి చూపు మళ్లీ తెచ్చేదీ అదే.

మలబద్ధకం: ఇక్కడ పథ్యం మీద ఆశ పెట్టుకోకండి

పీచు ఎక్కువ తినిపించాలి, నీళ్లు బాగా తాగించాలి అనే సలహా ఎంత పాతదో దానికున్న ఆధారం అంత పలచన. యూరప్, ఉత్తర అమెరికా పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘాలు కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు వయసుకు తగ్గ మామూలు పీచు, మామూలు నీళ్లు చాలన్నాయి. వైద్యం పేరుతో అదనంగా పెట్టమనలేదు. పేగుకు మేలు చేస్తాయని ఇచ్చే సూక్ష్మజీవులను, అంటే ప్రోబయోటిక్స్‌నూ సిఫారసు చేయలేదు. ముందు వాడమన్నది పాలీఇథిలిన్ గ్లైకాల్. అది దొరకకపోతే లాక్టులోజ్.

ఈ రెండిటిలో లాక్టులోజ్ తియ్యగా ఉంటుంది, పసిపిల్లలకూ ఇవ్వొచ్చు, కానీ కడుపులో పులిసి గ్యాస్ చేస్తుంది. పాలీఇథిలిన్ గ్లైకాల్ పులియదు, ఒంట్లోకి దాదాపు ఇంకదు, నీటిని పట్టుకుని మలాన్ని మెత్తగా ఉంచుతుంది. ఎక్కువ ద్రవం తాగాల్సి రావడమే దాంతో ఇబ్బంది. మలం గట్టిగా పేరుకుపోయినప్పుడు ఎనిమా, ఎక్కువ మోతాదు పాలీఇథిలిన్ గ్లైకాల్ రెండూ ఇంచుమించు సమానంగానే పనిచేస్తాయి. అలాంటప్పుడు నోటి మందే మేలు. ఈ పిల్లలు అసలు బిగపట్టేదే నొప్పి భయంతో, ఎనిమా ఆ భయానికి ఆజ్యం పోస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది తొందరపడి ఆపేయడం. "అలవాటు పడిపోతుందేమో" అని వారానికే మానిపిస్తారు. అదే మార్గదర్శకాల ప్రకారం కనీసం రెండు నెలలు వాడాలి, లక్షణాలన్నీ పోయాక ఇంకో నెల గడిచాకే నెమ్మదిగా తగ్గించాలి. లోదుస్తులకు మలం అంటుకుంటుంటే పిల్లాడు బద్ధకిస్తున్నాడని తిట్టకండి. పేరుకున్న గట్టి మలం పక్కనుంచి పలచటిది వాడికి తెలియకుండానే కారుతుంది.

క్రోన్స్: పథ్యం నిజంగా గెలిచిన చోటు

క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు గట్టి తిండి మొత్తం ఆపి, అన్ని పోషకాలూ ఉన్న ద్రవ ఫార్ములా ఒక్కటే ఇచ్చే పద్ధతి ఉంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న సామెత ఇక్కడ తిరగబడుతుంది, ఏ పిల్లా కోరి తాగే పాలు కావివి. కానీ పనిచేస్తాయి. 37 మంది పిల్లలతో 2006లో వచ్చిన ఇటలీ ట్రయల్‌లో, పది వారాలకు లక్షణాలు తగ్గడంలో ఫార్ములా, స్టెరాయిడ్ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. పేగు లోపలి పొర మానడంలో మాత్రం ఫార్ములా వైపు 74 శాతం, స్టెరాయిడ్ వైపు 33 శాతం. స్టెరాయిడ్ ఎదుగుదలను కుంటుపరుస్తుంది, ఎముకలను బలహీనం చేస్తుంది, ముఖం ఉబ్బేలా చేస్తుంది. పదమూడేళ్ల పిల్లకు ఆ చివరిది చిన్న విషయం కాదు. ఫార్ములా పోషణ కూడా ఇస్తుంది. తాగలేకపోతే ముక్కు గొట్టం అవసరం కావచ్చు.

వారాల తరబడి అందరితో కూర్చుని తినకపోవడం ఎంత కష్టమో గుర్తించి, కొన్ని ఎంపిక చేసిన పదార్థాలతోపాటు సగం ఫార్ములా ఇచ్చే క్రోన్స్ ఎక్స్‌క్లూజన్ డైట్‌ను 2019 ట్రయల్‌లో పూర్తి ఫార్ములాతో పోల్చారు. పథ్యం తట్టుకోగలిగినవాళ్లు ఎక్స్‌క్లూజన్ డైట్ వైపు 97.5 శాతం, పూర్తి ఫార్ములా వైపు 73.7 శాతం. ఆరు వారాలకు ఫలితాలు దగ్గరగానే ఉన్నా, పన్నెండో వారానికి స్టెరాయిడ్ లేకుండా జబ్బు అణిగి ఉన్నవాళ్లు 75.6 శాతం, 45.1 శాతం. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఆరు వారాలయ్యాక ఫార్ములా గుంపు చాలావరకు మామూలు తిండికి తిరిగి వెళ్లింది, రెండో గుంపు మాత్రం పథ్యంలోనే కొనసాగింది. కాబట్టి ఫార్ములా ఓడిందని కాదు, ఫార్ములా ఆపగానే ఏమీ లేకుండా వదిలేస్తే జబ్బు తిరిగొస్తుందని నాకు అర్థమైంది.

పథ్యం హద్దు కూడా అక్కడే. మంట ఆర్పడంలో ఉన్నంత బలం దానికి ఏళ్ల తరబడి ఆర్పి ఉంచడంలో లేదు, అందుకు మందులు కావాలి. జబ్బు ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న 100 మంది పిల్లలతో చేసిన టిస్‌కిడ్స్ ట్రయల్‌లో, వాపును అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్లు మొదటినుంచే ఇచ్చినవాళ్లలో ఏడాదికి 41 శాతం మంది వైద్యం పెంచాల్సిన అవసరం లేకుండా నిలకడగా ఉన్నారు. మామూలు వరుసలో వెళ్లినవాళ్లలో 15 శాతమే. మలద్వారం దగ్గర ఫిస్టులా (పేగు నుంచి చర్మందాకా ఏర్పడే దారి) ఉన్నవాళ్లకైతే ఫార్ములాతో మొదలుపెట్టి ఎదురుచూడటం సరికాదు. క్రోన్స్‌కు తోబుట్టువులాంటి అల్సరేటివ్ కొలైటిస్‌లో ఈ ద్రవ పథ్యం వైద్యంగా పనిచేయదు. ఒకరికి పనిచేసిందని ఇంకొకరికి మొదలుపెట్టేముందు ఏ జబ్బో కనుక్కోండి.

చిన్నపిల్లల విషయం, క్లుప్తంగా

పాలు కక్కుతూ ఏడ్చే పసిపిల్లలకు ఆమ్లం తగ్గించే లాన్సోప్రజోల్‌ను 162 మంది మీద పరీక్షిస్తే, మందు గుంపులోనూ, మందు లేని ఉత్తి మోతాదు గుంపులోనూ సరిగ్గా 54 శాతం మందికే మెరుగు కనిపించింది. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం మందు గుంపులోనే ఎక్కువ. బరువు బాగా పెరుగుతుంటే ఆగడమే మంచి ఎంపిక.

విరేచనాలకు ఓఆర్ఎస్‌ను మించింది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004 నుంచి దాంతోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వమంటున్నాయి. ప్రోబయోటిక్ పొట్లాల మీద 2018లో రెండు పెద్ద ట్రయల్స్ ఒకేసారి వెలువడ్డాయి. అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది పిల్లలు. రెండిటిలోనూ ఉత్తి పొడి కంటే మేలేమీ కనబడలేదు. ప్రోబయోటిక్ అన్నది ఒకే వస్తువు కాదు, ఒక్కో రకం సూక్ష్మజీవికీ లెక్క వేరు. కాబట్టి ఆ రెండు ట్రయల్స్‌లో వాడిన రకాలకే ఈ తీర్పు. పెట్టె మీద రకం పేరే లేకుంటే కొనాల్సిన పనిలేదు.

టీనేజర్ అయితే

పద్నాలుగేళ్ల పిల్ల మీద పథ్యం రుద్దితే రెండు రకాలుగా చెడుతుంది. చాటుగా తింటుంది, లేదా మరీ నిష్ఠగా పాటించి తిండి అంటేనే భయపడుతుంది. ఇప్పటికే బరువు గురించి అతిగా ఆలోచించే పిల్లకు, తినే రకాలు బాగా తగ్గించుకున్న పిల్లకు లో ఫాడ్‌మ్యాప్ లాంటివి పెట్టకపోవడమే మంచిది. రెండు దారుల బలం ఇంచుమించు సమానమైనప్పుడు ఏది ఎంచుకోవాలో పిల్లనే అడగండి. ఫార్ములా తాగుతుందో, ఎక్స్‌క్లూజన్ డైట్ పాటిస్తుందో ఆ వారాలు గడపాల్సింది తనే. డాక్టరు ఏదైనా ట్రయల్‌లో చేరమంటే మీ సంతకంతో పాటు తన ఒప్పుకోలు కూడా అడగాలి. ఏ గుంపులో పడతామో చీటీ తీసినట్టు ఉంటుందనీ, మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చనీ తనకు అర్థమయ్యేలా చెప్పాలి.

ఏది మొదలుపెట్టినా ఫలితం చూసే తేదీని ముందే కేలెండర్‌లో రాసుకోండి. లో ఫాడ్‌మ్యాప్‌కు నాలుగు వారాలు, ఇసబ్‌గోల్‌కు ఆరు, ద్రవ ఫార్ములాకు ఎనిమిది. తేదీ వచ్చేసరికి తేడా లేకపోతే మానేసి డాక్టరుతో మాట్లాడండి. ద్రవ ఫార్ములా విషయంలో మాత్రం అంతకాలం ఆగకుండా మధ్యలోనే డాక్టరు చూడాలి. హిప్నోథెరపీకైతే ఇంకాస్త ఓపిక పట్టండి. ఆ 260 మంది పిల్లల్లో థెరపిస్టు దగ్గరకు వెళ్లినవాళ్లను సెషన్లు అయిపోయిన రోజున చూస్తే మేలు జరిగింది సగంమందికే. 71 శాతం అన్న అంకె, వైద్యమంతా ఆగిపోయి ఏడాది గడిచాక వచ్చింది.